కంప్యూటర్ స్లో అయిందా? ఏ డ్రైవ్ వేయాలో ఇలా తేల్చుకోండి

"ఎస్ఎస్‌డీ వేస్తే నా సిస్టమ్ స్పీడ్ అవుతుందా?", "సెకనుకు 7000 ఎంబీ అని రాసి ఉన్నదే కొనాలా, 3500 ఎంబీది చాలా?", "7200 ఆర్‌పీఎం హార్డ్ డిస్క్ తీసుకుంటే సరిపోదా?" ఈ మూడింటిలో ఏదో ఒకటి నన్ను అడగని వారం లేదు. ఒక్కొక్కరికీ ఫోన్లో అరగంట చెప్పే బదులు ఒక్కసారి రాసి పెట్టేస్తే పోతుందని కూర్చున్నాను.

తొందరలో ఉన్నవాళ్ల కోసం అసలు సంగతి ముందే చెప్పేస్తాను. లోపల పళ్లెం తిరిగే హార్డ్ డిస్క్ తీసేసి, చిప్‌ల మీదే డేటా దాచే ఎస్ఎస్‌డీ వేస్తే తేడా మొదటి రోజే కళ్లకు కడుతుంది. ఒక ఎస్ఎస్‌డీ తీసేసి ఇంకా ఖరీదైన ఎస్ఎస్‌డీ వేస్తే మాత్రం చాలామందికి తేడాయే తెలియదు, డబ్బు పోయిందన్న సంగతి తప్ప. మీరు ఏ కోవలోకి వస్తారో కొనక ముందే తేల్చుకోవచ్చు. దానికి గంట కూడా పట్టదు.

కావాల్సినవి

- మీ కంప్యూటర్, అందులో విండోస్ 10 లేదా 11. మ్యాక్, లినక్స్ వాళ్లకు స్క్రీన్లు మారతాయి, లెక్క మారదు.
- క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో, క్రిస్టల్‌డిస్క్‌మార్క్ అనే రెండు ఉచిత సాఫ్ట్‌వేర్లు. మొదటిది డ్రైవ్ ఆరోగ్యం చెబుతుంది, రెండోది స్పీడ్ కొలుస్తుంది. వాటి సొంత సైట్ నుంచే దించుకోండి.
- మదర్‌బోర్డు లేదా ల్యాప్‌టాప్ మోడల్ నంబరు, దాని మాన్యువల్.
- మీ ఫైళ్లన్నీ పట్టే ఒక ఎక్స్‌టర్నల్ డ్రైవ్, బ్యాకప్ కోసం. ఇది లేకపోతే 6వ స్టెప్ మొదలుపెట్టకండి.
- చిన్న స్టార్ స్క్రూడ్రైవర్. కొన్ని ల్యాప్‌టాప్‌లకు ఆరు కోణాల టార్క్స్ బిట్ కావాలి.
- కాగితం, పెన్ను. నవ్వకండి, 3వ స్టెప్‌లో అంకెలు రాసుకోవాలి.

థియరీ ఇంతే

డ్రైవ్‌కి రెండు రకాల స్పీడ్ ఉంటుంది. ఒక పెద్ద సినిమా ఫైల్‌ను మొదటి నుంచి చివరి దాకా ఏకబిగిన చదివే స్పీడ్ ఒకటి. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో వేసేది ఇదే. అక్కడో ముక్క, ఇక్కడో ముక్కగా వేల చిన్న ఫైళ్లను ఏరుకొచ్చే స్పీడ్ రెండోది. విండోస్ బూట్ అవ్వడం, బ్రౌజర్ తెరుచుకోవడం, యాంటీవైరస్ స్కాన్ అన్నీ ఎక్కువగా ఈ రెండో రకం పనులే.

7200 ఆర్‌పీఎం హార్డ్ డిస్క్ సెకనుకు 120 సార్లు తిరుగుతుంది. అంటే ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. కావాల్సిన ముక్క హెడ్ (డేటా చదివే ముల్లు) కిందికి రావడానికి సగటున అర చుట్టు, దాదాపు 4.2 మిల్లీసెకన్లు ఆగాలి. దానికంటే ముందు హెడ్ సరైన ట్రాక్ (డిస్క్ మీది గుండ్రటి వరుస) మీదికి జరగాలి, దానికి ఇంకో 9 మిల్లీసెకన్లు వేసుకోండి. మొత్తం 13. సెకనుకు 75 ముక్కలు చదివితే గొప్ప. ముక్క 4 కేబీ అనుకుంటే సెకనుకు 300 కేబీ! డబ్బా మీద 150 ఎంబీ అని ఉన్న డిస్క్ సంగతే ఇది. ఎస్ఎస్‌డీలో తిరిగేదీ లేదు, జరిగేదీ లేదు. అదే ముక్క సుమారు 0.1 మిల్లీసెకన్‌లో చేతికి వస్తుంది.

5400 నుంచి 7200కి మారితే ఆ అర చుట్టులో మీకు మిగిలేది 1.4 మిల్లీసెకన్లు. మూడో ప్రశ్నకు జవాబు వచ్చేసినట్టే. థియరీ ఇక్కడితో అయిపోయింది.

స్టెప్ 1: తప్పు డ్రైవ్‌దేనా అన్నది ముందు తేల్చండి

కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి. డెస్క్‌టాప్ రాగానే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లోకి వెళ్లి, మీరు రోజూ వాడే ప్రోగ్రాములు ఒక్కొక్కటే తెరుస్తూ, డిస్క్, మెమరీ, సీపీయూ మూడింటినీ గమనించండి. కంప్యూటర్ బిగుసుకుపోయినట్టు అనిపించిన క్షణంలో ఏది నిండిపోయి ఉందో చూడాలి.

మా అన్నయ్య ల్యాప్‌టాప్ దగ్గర మొన్న నేను చూసింది చెబుతాను. బూట్ అయి నాలుగు నిమిషాలైనా డిస్క్ 100 శాతం దగ్గరే కూర్చుంది. కింద రీడ్ స్పీడ్ చూస్తే 1.1 ఎంబీ. "డిస్క్ ఫుల్ స్పీడ్‌లో పనిచేస్తోందని చెబుతోంది, మరి ఒక ఎంబీయే వస్తోందేంట్రా?" అన్నాడు. అందులోనే ఉంది కిటుకు. 100 శాతం అంటే డిస్క్ నిమిషం ఖాళీ లేకుండా ఉందని అర్థం, ఎక్కువ డేటా ఇస్తోందని కాదు. టైమంతా హెడ్‌ను అటూ ఇటూ జరపడానికే సరిపోతోంది. అక్కడే యావరేజ్ రెస్పాన్స్ టైమ్ అని ఇంకో అంకె ఉంటుంది. ఆ ల్యాప్‌టాప్‌లో అది 400 మిల్లీసెకన్లు దాటింది. ఆరోగ్యంగా ఉన్న ఎస్ఎస్‌డీలో మామూలు పనులకు అది ఒక అంకెలోనే తిరుగుతుంది.

మీరు చూసినదాన్ని బట్టి:

- డిస్క్ 100 శాతం, ఎంబీలు తక్కువ, రెస్పాన్స్ టైమ్ వందల్లో ఉంటే తప్పు డ్రైవ్‌దే. ముందుకు వెళ్లండి.
- మెమరీ 90 శాతం దాటి, డిస్క్ కూడా 100 శాతం ఉంటే అసలు కొరత ర్యామ్‌ది. ర్యామ్ చాలక విండోస్ డేటాను డ్రైవ్ మీదికి తోస్తూ, మళ్లీ తెచ్చుకుంటూ ఉంటుంది. హార్డ్ డిస్క్ మీద ఈ పని గోరుచుట్టు మీద రోకటిపోటే. ఎస్ఎస్‌డీ వేస్తే నొప్పి తగ్గుతుంది కానీ జబ్బు పోదు. వీలైతే ర్యామ్ కూడా పెంచండి.
- సీపీయూ 100 శాతం ఉండి డిస్క్ ఖాళీగా ఉంటే ఏ డ్రైవ్ వేసినా ఉపయోగం లేదు. ఈ పేజీ మూసేసి ఆ సీపీయూని తినేస్తున్న ప్రోగ్రామ్ ఏదో వెతకండి.
- మూడూ ఖాళీగా ఉండి వెబ్‌సైట్లు మాత్రమే నెమ్మదిగా వస్తుంటే అది మీ ఇంటర్నెట్.

జాగ్రత్త: ఒకే ఒక్కసారి చూసి నిర్ణయించుకోకండి. విండోస్ అప్‌డేట్ నడుస్తున్న పూట ఏ కంప్యూటర్ అయినా ఆపసోపాలు పడుతుంది. రెండు మూడు రోజులు, వేర్వేరు వేళల్లో చూడండి.

స్టెప్ 2: ఇప్పుడున్నది ఏ డ్రైవో, ఎలా ఉందో చూడండి

స్టార్ట్ మెనూలో డిఫ్రాగ్ అని టైప్ చేస్తే ఆప్టిమైజ్ డ్రైవ్స్ అనే కిటికీ వస్తుంది. మీడియా టైప్ అన్న వరుసలో హార్డ్ డిస్కో, సాలిడ్ స్టేట్ డ్రైవో రాసి ఉంటుంది. "నా ల్యాప్‌టాప్‌లో ఎస్ఎస్‌డీ ఉందని అమ్మినప్పుడు చెప్పారు" అన్నవాళ్లలో ఇక్కడ ఆశ్చర్యపోయినవాళ్లు ఉన్నారు.

తర్వాత క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరవండి. పైన హెల్త్ స్టేటస్ గుడ్ అని నీలంలో ఉంటే సరే. కాషన్ అని పసుపు రంగులో ఉంటే, హార్డ్ డిస్క్‌లో సాధారణంగా రీఅలకేటెడ్ సెక్టర్స్ (పాడైన చోట్లు) లేదా కరెంట్ పెండింగ్ సెక్టర్స్ (పాడైనట్టు అనుమానం ఉన్న చోట్లు) కనిపించాయన్నమాట. అప్పుడు ఇది స్పీడ్ సమస్య కాదు, డ్రైవ్ చివరి రోజుల్లో ఉంది. బెంచ్‌మార్కులు, స్కాన్‌లు అన్నీ పక్కన పెట్టి ముఖ్యమైన ఫైళ్లు ఇప్పుడే కాపీ చేసుకోండి. ఆరోగ్యం బాగాలేని డిస్క్ మీద స్పీడ్ టెస్ట్ పెట్టడం, జ్వరంతో ఉన్నవాణ్ని పరుగు పందానికి పంపడం లాంటిది.

స్టెప్ 3: ఇప్పటి స్పీడ్ కొలిచి రాసుకోండి

చాలామంది వదిలేసే స్టెప్ ఇదే. తర్వాత "ఏమో, కొంచెం స్పీడైనట్టే ఉంది" అంటారు. ముందు కొలవకపోతే తర్వాత పోల్చడానికి ఏముంటుంది?

నడుస్తున్న ప్రోగ్రాములన్నీ మూసేసి, క్రిస్టల్‌డిస్క్‌మార్క్‌లో సి డ్రైవ్ ఎంచుకుని ఆల్ నొక్కండి. కొన్ని నిమిషాల్లో నాలుగు వరుసలు వస్తాయి. అందరూ మొదటి వరుస చూసి స్క్రీన్‌షాట్ తీస్తారు. మీరు చివరి వరుస చూడండి. దాని పేరు ఆర్‌ఎన్‌డీ4కే క్యూ1టీ1. అంటే 4 కేబీ ముక్కలు, ఒకటి తర్వాత ఒకటి. రోజువారీ పనికి అన్నిటికంటే దగ్గరగా ఉండేది ఈ వరుసే. అందులో రీడ్ అంకె సుమారుగా ఇలా ఉంటుంది:

- హార్డ్ డిస్క్: సెకనుకు 0.3 నుంచి 1 ఎంబీ
- సాటా ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ వాడే పాత రకం కనెక్షన్‌తోనే పనిచేసేది): 25 నుంచి 40 ఎంబీ
- ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ (పీసీఐఈ అనే వేగమైన కనెక్షన్‌తో పనిచేసే కొత్త రకం): 40 నుంచి 90 ఎంబీ

ఈ మూడు వరుసలను ఒక్క నిమిషం చూడండి. హార్డ్ డిస్క్ నుంచి సాటా ఎస్ఎస్‌డీకి యాభై రెట్ల దూరం. అక్కడి నుంచి ఎన్‌వీఎంఈకి రెండు రెట్లు, అదీ కొన్నిసార్లు. కానీ డబ్బాల మీద చూస్తే 150, 550, 7000 అని ఉంటుంది. అసలు గెంతు రెండో మూడో మెట్ల మధ్య ఉందని ఆ అంకెలు నమ్మిస్తాయి. మీకు తెలిసే గెంతు మొదటి రెండు మెట్ల మధ్యే అయిపోయింది.

దీంతో పాటు ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి రెండు టైములు కొలవండి. పవర్ బటన్ నొక్కినప్పటి నుంచి బ్రౌజర్‌లో ఒక పేజీ తెరుచుకునే దాకా ఎంత, మీరు రోజూ వాడే అతి పెద్ద ప్రోగ్రామ్ తెరుచుకోవడానికి ఎంత. కాగితం మీద రాసి తేదీ వేయండి.

స్టెప్ 4: మీ కంప్యూటర్‌లో ఏది పడుతుందో మాన్యువల్‌లో చూడండి

ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. నేనూ ఒకసారి తప్పు చేశాను. బోర్డు మీద ఎం.2 అనే సన్నటి స్లాట్ కనిపించింది కదా అని ఎన్‌వీఎంఈ డ్రైవ్ తెచ్చి పెట్టాను. చక్కగా దిగింది, స్క్రూ కూడా బిగిసింది, బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే బోర్డు సెట్టింగుల్లో) మాత్రం కనపడదు. గంటసేపు తీసి పెట్టి, తీసి పెట్టి, చివరికి మాన్యువల్ తెరిస్తే ఆ స్లాట్ సాటాకు మాత్రమే అని ఒక్క లైన్లో రాసి ఉంది.

అందుకే గుర్తుంచుకోండి: ఎం.2 అన్నది ఆకారం పేరు, స్పీడ్ పేరు కాదు. అదే ఆకారంలో సాటా ఎస్ఎస్‌డీలూ ఉన్నాయి, ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీలూ ఉన్నాయి. కొన్ని స్లాట్లు రెండిటినీ తీసుకుంటాయి, కొన్ని ఒకదాన్నే. సాటా రకం కార్డుకు సాధారణంగా రెండు గాట్లు, ఎన్‌వీఎంఈకి ఒక గాటు ఉంటాయి. ఇది గుర్తు మాత్రమే, దీన్ని నమ్ముకుని కొనేయకండి. మాన్యువల్లో చూడాల్సినవి ఇవి:

- ఎం.2 స్లాట్ ఉందా? ఉంటే సాటానా, పీసీఐఈనా, రెండూనా?
- పీసీఐఈ అయితే ఏ తరం, ఎన్ని లేన్లు (డేటా వెళ్లే దారులు)? మూడో తరం నాలుగు లేన్లకు గరిష్ఠంగా సుమారు 3500 ఎంబీ, నాలుగో తరానికి 7000, అయిదో తరానికి 14000 చుట్టుపక్కల. కొత్త తరం డ్రైవ్‌ను పాత స్లాట్‌లో పెట్టొచ్చు, పనిచేస్తుంది, కానీ స్లాట్ స్పీడే వస్తుంది.
- పొడవు ఎంత? 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు. చిన్న ల్యాప్‌టాప్‌లలో 2242, 2230 కూడా ఉంటాయి.
- ఈ ఎం.2 స్లాట్ వాడితే ఏదైనా సాటా పోర్ట్ పనిచేయడం ఆగుతుందా? చాలా డెస్క్‌టాప్ బోర్డుల్లో ఆగుతుంది.

ఎం.2 లేని పాత ల్యాప్‌టాప్ అయితే 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ తీసుకోండి. హార్డ్ డిస్క్ ఉన్న చోటే అది సరిపోతుంది. "నా దాంట్లో సాటా 2 మాత్రమే, 3 గిగాబిట్లే" అని వెనకాడకండి. సెకనుకు 270 ఎంబీ దగ్గర ఆగిపోతుంది నిజమే. కానీ చివరి వరుస, ఆ 4 కేబీ ముక్కల అంకె, ఆ గీతకు చాలా కిందే ఉంది కదా. పాత మెషీన్‌కి కూడా ప్రాణం లేచొస్తుంది.

కొన్ని పలుచటి ల్యాప్‌టాప్‌లలో స్టోరేజ్‌ను బోర్డుకే సోల్డర్ చేసేస్తారు. అలాంటివాటిలో మార్చే వీలే లేదు. విప్పక ముందే మోడల్ నంబరుతో వెతికి చూసుకోండి.

స్టెప్ 5: మీ పనిని బట్టి ఎంచుకోండి

బ్రౌజింగ్, ఆఫీస్ పనులు, క్లాసులు, సినిమాలు చూడటం వరకే అయితే సాటా ఎస్ఎస్‌డీ చాలు. ఎన్‌వీఎంఈ స్లాట్ ఉండి, రెండింటి ధరా దాదాపు ఒకటే అయితే ఎన్‌వీఎంఈ తీసుకోండి, వద్దనను. కానీ అందులో అత్యంత వేగమైనది ఎందుకు?

గేమ్స్ ఆడేవాళ్లకు ఒక మాట. డ్రైవ్ మారిస్తే లోడింగ్ స్క్రీన్ తొందరగా పోతుంది. ఫ్రేమ్ రేట్ పెరగదు, అది గ్రాఫిక్స్ కార్డు, సీపీయూల పని. పెద్ద ఓపెన్ వరల్డ్ గేమ్స్‌లో హార్డ్ డిస్క్ వల్ల మధ్యమధ్య ఆగి ఆగి నడిచే ఇబ్బంది ఉంటే అది ఎస్ఎస్‌డీతో తగ్గుతుంది.

వీడియో ఎడిటింగ్, పెద్ద ఫోటో ఫైళ్లు, వర్చువల్ మెషీన్లు, రోజూ వందల జీబీలు అటూ ఇటూ కాపీ చేసే పని ఉన్నవాళ్లకే నాలుగో తరం ఎన్‌వీఎంఈ స్పీడ్ నిజంగా చేతికి అందుతుంది. వీళ్లు కూడా అవతలి వైపు చూసుకోవాలి. 7000 ఎంబీ డ్రైవ్ నుంచి యూఎస్‌బీ 2.0 పోర్ట్‌లోకి కాపీ చేస్తే 35, 40 ఎంబీలే వస్తాయి. బండి ఎంత పెద్దదైనా సందులో సందు స్పీడే.

బ్యాకప్‌లకు, పాత ఫోటోలకు, సీసీ కెమెరా రికార్డింగ్‌లకు హార్డ్ డిస్కే మంచిది, అంతే డబ్బుకు ఎక్కువ చోటు వస్తుంది. 5400 ఆర్‌పీఎం అయినా పర్లేదు, శబ్దం తక్కువ, వేడి తక్కువ. కొనేటప్పుడు ఎస్‌ఎంఆర్ రకమా, సీఎంఆర్ రకమా అని స్పెసిఫికేషన్ షీట్‌లో చూడండి. ఎస్‌ఎంఆర్‌లో ట్రాక్‌లు ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. ఒకటి మార్చాలంటే పక్కవీ తిరగరాయాలి. ఒక్కసారి రాసి వదిలేసే బ్యాకప్‌కు ఫర్వాలేదు, నెట్‌వర్క్ స్టోరేజ్ బాక్సుల్లో రెయిడ్‌గా (కొన్ని డ్రైవ్‌లు కలిపి ఒకటిగా) పెట్టడానికి పనికిరాదు.

డెస్క్‌టాప్ ఉన్నవాళ్లకు నేను చెప్పే కూర్పు ఒకటే: విండోస్‌కీ ప్రోగ్రాములకీ 500 జీబీ లేదా 1 టీబీ ఎస్ఎస్‌డీ, మిగతా సరుకంతా పాత హార్డ్ డిస్క్‌లో.

డబ్బా మీద అంకెల్లో ఉన్న మెలికలు

"అప్ టు" అన్న మాట. తెలుగులో "గరిష్ఠంగా". ఇది ఏకబిగిన చదివే స్పీడ్, అదీ ఖాళీ డ్రైవ్ మీద కొలిచింది.

బిట్, బైట్ తేడా. సాటా 6 గిగాబిట్లు అంటే సెకనుకు 6 జీబీ కాదు. ఒక బైట్ పంపడానికి 10 బిట్లు ఖర్చవుతాయి కాబట్టి 600 ఎంబీ, చేతికొచ్చేది 550.

క్యాష్. ఇది కాస్త వివరంగా చెప్పాలి. చౌక ఎస్ఎస్‌డీల్లో ఎక్కువగా క్యూఎల్‌సీ రకం మెమరీ ఉంటుంది, ఒక్కో సెల్‌లో 4 బిట్లు కూరుతారు. రాయడానికి అది నెమ్మది. దాన్ని దాచడానికి డ్రైవ్‌లో కొంత భాగాన్ని వేగమైన క్యాష్‌గా వాడతారు. ఆ క్యాష్ నిండే దాకా రాజభోగం, నిండాక అసలు రంగు బయటపడుతుంది. నేనొక చౌక డ్రైవ్ మీదికి 200 జీబీల వీడియోలు కాపీ చేస్తుంటే గ్రాఫ్ మొదట కొండెక్కి, కాసేపటికి గోడ మీంచి దూకినట్టు 100 ఎంబీ కిందికి పడిపోయింది. పక్కనే ఉన్న హార్డ్ డిస్క్ దానికంటే నయం. రోజుకు పది ఇరవై జీబీలు మించి రాయనివాళ్లకు ఇది ఎప్పటికీ ఎదురుకాదు. పెద్ద కాపీలు చేసేవాళ్లు టీఎల్‌సీ మెమరీ (సెల్‌కు 3 బిట్లు) ఉన్నదీ, సొంత డీర్యామ్ (డ్రైవ్ లోపలి చిన్న ర్యామ్) ఉన్నదీ తీసుకోండి. డీర్యామ్ లేని ఎన్‌వీఎంఈలు కంప్యూటర్ ర్యామ్‌లోంచి కొంచెం అప్పు తీసుకుని నెట్టుకొస్తాయి, మామూలు వాడకానికి అవీ బాగానే ఉంటాయి. డీర్యామ్ లేని సాటా ఎస్ఎస్‌డీకి ఆ అప్పు కూడా పుట్టదు, అందుకని విండోస్ కోసం అలాంటిది నేను చెప్పను.

1 టీబీ కొంటే 931 జీబీ కనిపిస్తుంది. మోసం కాదు. కంపెనీ వెయ్యితో లెక్కిస్తుంది, విండోస్ 1024తో. అదే 1 టీబీ డ్రైవ్ నమ్మలేనంత చౌకగా దొరికితే మాత్రం అనుమానించండి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో చివరి దాకా రాసి, తిరిగి చదివించి చూస్తే నకిలీ సైజు బయటపడుతుంది.

స్టెప్ 6: బ్యాకప్, తర్వాత క్లోన్ లేదా కొత్త విండోస్

ముందు ఫైళ్లన్నీ ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి కాపీ చేసి, అందులోంచి రెండు మూడు ఫైళ్లు తెరిచి చూడండి. క్లోన్ (పాత డ్రైవ్‌ను ఉన్నదున్నట్టు కొత్తదాని మీదికి కాపీ) చేస్తాం కదా, బ్యాకప్ ఎందుకు అనకండి. క్లోన్ చేసేటప్పుడు ఏది పాతది, ఏది కొత్తది అని తికమకపడి ఖాళీ డ్రైవ్‌ను నిండు డ్రైవ్ మీద రుద్దేసినవాళ్లు ఉన్నారు. అప్పుడు దేవుడు కూడా ఏమీ చేయలేడు.

డ్రైవ్‌లోని డేటాకు విండోస్ వేసే తాళం, బిట్‌లాకర్, ఆన్‌లో ఉందేమో చూడండి. కొత్త ల్యాప్‌టాప్‌లలో మీకు తెలియకుండానే ఆన్ అయి ఉండొచ్చు. 48 అంకెల రికవరీ కీని వేరే చోట రాసుకుని, పని అయ్యేదాకా దాన్ని సస్పెండ్ చేయండి.

ఇక రెండు దారులు. పాత విండోస్ బాగానే ఉంటే క్లోన్ చేయొచ్చు. డ్రైవ్ తయారీ కంపెనీలు చాలావరకు ఉచితంగా క్లోనింగ్ ప్రోగ్రామ్ ఇస్తాయి, లేదంటే క్లోన్‌జిల్లా ఉంది. కొత్త డ్రైవ్ పాతదానికంటే చిన్నదైతే క్లోన్‌జిల్లా మామూలుగా ఒప్పుకోదు, ముందు పార్టిషన్‌ను కుదించే తలనొప్పి ఉంటుంది. విండోస్ ఏళ్ల తరబడి వాడి చెత్త పేరుకుపోయి ఉంటే క్లోన్ వద్దు, కొత్తగా ఇన్‌స్టాల్ చేయండి. ఒక పూట పని ఎక్కువే, కానీ చెత్తను కూడా కొత్త డ్రైవ్‌లోకి మోసుకెళ్లరు.

స్టెప్ 7: బిగించడం

షట్‌డౌన్ చేసి, ఛార్జర్ లేదా పవర్ కేబుల్ తీసేయండి. ల్యాప్‌టాప్ అయితే విప్పాక ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. ఒంట్లో స్టాటిక్ పోవడానికి ఏదైనా ఇనుప వస్తువును తాకండి.

ఎం.2 కార్డును నిటారుగా గుచ్చకండి. 30 డిగ్రీల వాలులో స్లాట్‌లోకి చివరి దాకా తోస్తే బంగారు రంగు పిన్నులు దాదాపు కనపడకుండా పోతాయి. అప్పుడు మెల్లగా కిందికి వంచి స్క్రూ బిగించండి. తల్లకిందులుగా పెడితే గాటు అడ్డుతగులుతుంది, బలం ఉపయోగించొద్దు. డ్రైవ్ మీది స్టిక్కర్ పీకకండి, వారంటీ పోతుంది. వేగమైన ఎన్‌వీఎంఈ బాగా వేడెక్కుతుంది. బోర్డుతో వచ్చిన హీట్‌సింక్ ఉంటే వేయండి, దాని కింద ప్యాడ్ మీదున్న పలుచటి ప్లాస్టిక్ పొర తీయడం మర్చిపోకండి. ఆ పొర వదిలేసి "హీట్‌సింక్ ఉన్నా కాలిపోతోంది" అనేవాళ్లు తక్కువేం కాదు.

క్లోన్ చేసినవాళ్లు మొదటిసారి బూట్ చేసేటప్పుడు పాత డ్రైవ్‌ను ఊడదీసే ఉంచండి. రెండూ ఉంటే విండోస్ పాతదాని నుంచే బూట్ అయి, "ఎస్ఎస్‌డీ వేశాను, తేడా ఏం లేదు" అనిపిస్తుంది.

స్టెప్ 8: ఫలితం సరిచూసుకోండి

స్టెప్ 3లో చేసినవన్నీ మళ్లీ చేసి కాగితం మీద పక్కనే రాయండి. చివరి వరుస రీడ్ అంకె రెండంకెల్లోకి వచ్చిందా? స్టాప్‌వాచ్ టైములు పడిపోయాయా? అన్నయ్య ల్యాప్‌టాప్‌లో 0.4 ఉన్నది 31 అయింది, నాలుగు నిమిషాల బూట్ అరనిమిషం లోపలికి వచ్చింది. వేసింది మామూలు సాటా ఎస్ఎస్‌డీయే.

అనుకున్నది రాకపోతే ఇలా వెతకండి:

- డ్రైవ్ అసలు కనిపించకపోతే: కొత్త డ్రైవ్ ఫార్మాట్ లేకుండా వస్తుంది. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, జీపీటీగా ఇనిషియలైజ్ చేసి, కొత్త వాల్యూమ్ చేయండి. అక్కడా కనిపించకపోతే బయోస్‌లో చూడండి, స్లాట్ రకం మళ్లీ సరిచూడండి.
- విండోస్ ఇన్‌స్టాలర్‌లో మాత్రమే కనిపించకపోతే: కొన్ని ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో వీఎండీ అనే సెట్టింగ్ అడ్డు. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి ఆ డ్రైవర్ దించి, ఇన్‌స్టాలర్‌లో లోడ్ డ్రైవర్ నొక్కి ఇవ్వండి.
- స్పీడ్ సగమే వస్తే: క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో ట్రాన్స్‌ఫర్ మోడ్ చూడండి. నిలువు గీతకు ఎడమ వైపున ఇప్పుడు నడుస్తున్న స్పీడ్, కుడి వైపున డ్రైవ్‌కు చేతనైన స్పీడ్ ఉంటాయి. ఎడమది తక్కువైతే నెమ్మది పోర్ట్‌లోనో స్లాట్‌లోనో పెట్టారన్నమాట. సాటా అయితే కేబుల్ కూడా మార్చి చూడండి.
- మొదట బాగుండి తర్వాత పడిపోతే: టెంపరేచర్ చూడండి, తర్వాత ఖాళీ చోటు చూడండి. ఎస్ఎస్‌డీని అంచు దాకా నింపకండి, 10 నుంచి 20 శాతం వదలండి.
- పాత బోర్డులో ఎన్‌వీఎంఈ నుంచి బూట్ అవ్వకపోతే: ఆ బయోస్‌కు అది చేతకాకపోవచ్చు. బయోస్ అప్‌డేట్ ఉందేమో చూడండి, లేదంటే విండోస్‌ను సాటా ఎస్ఎస్‌డీలో పెట్టి, ఎన్‌వీఎంఈని డేటాకు వాడండి.

చివరగా ఆప్టిమైజ్ డ్రైవ్స్ కిటికీ మళ్లీ తెరిచి, కొత్త డ్రైవ్ సాలిడ్ స్టేట్ అని కనిపిస్తోందా, వారానికోసారి ఆప్టిమైజేషన్ ఆన్‌లో ఉందా చూడండి. ఎస్ఎస్‌డీకి అక్కడ ప్రధానంగా జరిగేది ట్రిమ్ (డిలీట్ చేసిన ఫైళ్ల చోటు ఖాళీ అని డ్రైవ్‌కు చెప్పడం), హార్డ్ డిస్క్‌కు చేసే డిఫ్రాగ్ (ముక్కలను వరుసగా సర్దడం) కాదు, కాబట్టి ఆపేయకండి. బయట దొరికే డిఫ్రాగ్ సాఫ్ట్‌వేర్లు మాత్రం దాని మీద నడపొద్దు. బిట్‌లాకర్ సస్పెండ్ చేసి ఉంటే తిరిగి ఆన్ చేయండి.

పాత హార్డ్ డిస్క్‌ను రెండు వారాలు అలాగే ఉంచండి, ఏదో ఒక ఫైల్ మర్చిపోయామని తప్పకుండా గుర్తొస్తుంది. ఆ తర్వాత, హెల్త్ గుడ్ అని ఉంటేనే, ఒక యూఎస్‌బీ కేసులో పెట్టి బ్యాకప్ డ్రైవ్‌గా వాడుకోండి. ఎస్ఎస్‌డీలో ట్రిమ్ వల్ల డిలీట్ అయిన ఫైల్‌ను వెనక్కి తెచ్చుకోవడం దాదాపు కుదరదు కాబట్టి, ఆ పాత డిస్క్‌కు ఇంకా పని ఉంటుంది.